సవరణ: కొడగులో నేను చూసింది గ్రీన్ ఇంపీరియల్ కాదు

కొడగు అడవిలో అడవి జాజికాయలు మింగుతున్న పెద్ద పావురాన్ని పోయిన వారం గ్రీన్ ఇంపీరియల్ పిజన్ అని రాశాను. తప్పు. అది మౌంటెన్ ఇంపీరియల్ పిజన్. దీని పశ్చిమ కనుమల రకాన్ని ఇప్పుడు కొందరు వేరే జాతిగానే లెక్కిస్తున్నారు.

రెండూ డుకులా ప్రజాతివే, ఊరి పావురం కంటే బాగా పెద్దవి. తల, మెడ బూడిద రంగు. నేను పొరబడింది అక్కడే. కింద నుంచి తీసిన ఫొటోలో వీపు కనబడదు కదా! గ్రీన్ ఇంపీరియల్ వీపు, రెక్కలు మెరిసే పచ్చగా ఉంటాయి. దీనివి గోధుమ రంగు.

ఫొటో పెద్దది చేసి తోక చూస్తే అసలు సంగతి తెలిసింది. మొదలు నల్లగా, చివర వెడల్పాటి లేత పట్టీ. తోక కింది ఈకలు మీగడ రంగులో ఉన్నాయి. గ్రీన్ ఇంపీరియల్‌కైతే తోకంతా ముదురు పచ్చే, కింది ఈకలు ముదురు ఎరుపు-గోధుమ.

కాయను గింజతో సహా మింగి, గింజను దూరంగా వదులుతుందని రాసిన మాటలో మార్పు లేదు. అది రెండింటికీ వర్తిస్తుంది. ఫొటో కింద పేరు మార్చాను.