టైపులు మొదలుపెట్టాల్సింది కాటా దగ్గరే

మిర్యాలగూడలో మిల్లుకొచ్చిన వడ్ల లారీ ముందు కాటా ఎక్కుతుంది. వెబ్ ప్రోగ్రామ్‌లో స్టాటిక్ టైపింగ్ (ఏ విలువ అంకె, ఏది అక్షరాలు అనే ‘టైపు’ను ముందే రాసి, ప్రోగ్రామ్ నడవకముందే సరిచూడటం) కూడా అక్కడే, డేటా లోపలికొచ్చే చోటే మొదలవ్వాలి.

మిల్లు లెక్కల పేజీనే తీసుకుందాం. మొదటి లోడు 120 బస్తాలు, రెండోది 35. ఇన్‌పుట్ బాక్సులో కొట్టింది అంకెలే అయినా వెబ్ పేజీలను నడిపే భాష జావాస్క్రిప్ట్‌కు అది స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరసగానే అందుతుంది. రెండూ కూడితే 155 రాదు, పక్కపక్కన అతుక్కుని 12035 వస్తుంది. అదే 120ని ధరతో గుణిస్తే మాత్రం జవాబు సరిగానే ఉంటుంది. గుణకారంలో జావాస్క్రిప్ట్ స్ట్రింగ్‌ను తనంతట తానే అంకెగా మార్చుకుంటుంది. సగం లెక్కలు సరిగా రావడంతో ఈ తప్పు త్వరగా బయటపడదు.

మైక్రోసాఫ్ట్ 2012లో విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన భాష) దీన్ని కోడు రాసేటప్పుడే పట్టేస్తుంది. కూడే ఫంక్షన్ ‘నంబర్’ మాత్రమే తీసుకుంటుందని రాస్తే, బాక్సులోని విలువను నేరుగా ఇచ్చినచోట ఎడిటర్ ఎర్రగీత గీస్తుంది. దాన్ని నంబర్‌గా మార్చి గీత పోగొట్టగానే పని అయిపోయిందనుకోవద్దు. ఖాళీ బాక్సును మారిస్తే 0 వస్తుంది. అక్షరాలుంటే ‘నాన్’ (నంబర్ కాదు అని చెప్పే విలువ) వస్తుంది, దాని టైపు కూడా నంబరే! ఈ రెంటికీ విడిగా చెక్ రాయాల్సిందే.

నడుస్తున్న పాత ప్రాజెక్టును మొత్తం తిరగరాయొద్దు. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎంతో టైప్‌స్క్రిప్ట్‌ను డెవ్ డిపెండెన్సీగా (కోడు రాసేటప్పుడు మాత్రమే వాడే ప్యాకేజీగా) వేసుకుని, దాని సెట్టింగుల ఫైల్ టీఎస్‌కాన్ఫిగ్‌లో ‘అలౌజేఎస్’ (జావాస్క్రిప్ట్ ఫైళ్లనూ చేర్చుకోవడం), ‘నోఎమిట్’ (కొత్త ఫైళ్లు రాయకుండా తనిఖీ మాత్రమే), ‘స్ట్రిక్ట్’ (కఠిన తనిఖీ) మూడూ ఆన్ చేయండి. డబ్బు లెక్కలున్న ఒక్క ఫైల్ పైన ‘@టీఎస్-చెక్’ కామెంట్ పెట్టండి. టైపులను జేఎస్‌డాక్ (కోడు వివరాలు రాసే పద్ధతి) కామెంట్లలోనే రాయొచ్చు, ఫైల్ పేరు కూడా మార్చనక్కర్లేదు. మిగతా జావాస్క్రిప్ట్ ఫైళ్లలో టైపు తప్పుల జోలికి కంపైలర్ (కోడును తనిఖీ చేసి జావాస్క్రిప్ట్‌గా మార్చే ప్రోగ్రామ్) పోదు. అన్నిటికీ ఒకేసారి చెక్ పెడితే వందల ఎర్రర్లు చూసి బెదిరిపోయి ప్రతిచోటా ‘ఎనీ’ (ఏదైనా సరే అనే టైపు) రాసేస్తారు. ఎనీ ఉన్నచోట తనిఖీ లేనట్టే.

అసలు ప్రమాదం సర్వర్ వైపు నుంచి వస్తుంది. సర్వర్ డేటాను పంపే రాతరూపమైన జేసన్‌ను పార్స్ చేస్తే (విడదీసి చదివితే) వచ్చేది కూడా ఎనీయే, దానికి మీరు ఏ టైపు తగిలించినా కంపైలర్ నమ్మేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బరువును ‘న్యూమరిక్’ (అంకెల) కాలమ్‌లో దాస్తే, సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో ఆ డేటాబేస్‌ను చదవడానికి వాడే పీజీ డ్రైవర్ దాన్ని స్ట్రింగ్‌గానే ఇస్తుంది. టైపులన్నీ కంపైల్ కాగానే చెరిగిపోతాయి, కాబట్టి పేజీ నడిచేటప్పుడు అడ్డుపడేవాళ్లు ఉండరు. వచ్చిన డేటాను ముందు ‘అన్‌నోన్’గా (ఏ టైపో తెలియనిదిగా) తీసుకుని, విలువ టైపును చెప్పే ‘టైప్ఆఫ్’తో గానీ డేటాను సరిచూసే జాడ్ లాంటి లైబ్రరీతో గానీ ఒక్కో ఫీల్డూ పరీక్షించి, ఆ తర్వాతే లెక్కలోకి పంపాలి.