బ్రేకులు ఎప్పుడు లాగాలి అని అడగడం ఆపండి

వారమంతా మాదాపూర్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు సిటీ బయట పొలాల్లో పారామోటార్ ట్రైనింగ్, అంటే వీపు మీద ఇంజిన్, తల మీద గుడ్డ రెక్కతో (వింగ్) ఎగరడం. ఇలాంటి తమ్ముళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. సంతోషమే. కానీ కలిసిన ప్రతివాడూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ల్యాండింగ్‌లో ఎన్ని అడుగుల దగ్గర బ్రేకులు లాగాలి?"

ఆ ప్రశ్నకు అంత సీన్ లేదు. బ్రేకులంటే వింగ్ వెనక అంచును కిందికి లాగే తాళ్లు. దిగేముందు వాటిని లాగి వేగం తగ్గించడమే ఫ్లేర్, అది ఆఖరి రెండు మూడు సెకన్ల పని. మీ చీలమండలు, నడుము క్షేమంగా ఉంటాయా లేదా అన్నది దానికి ముందు అరనిమిషంలోనే తేలిపోతుంది. కొన్నిసార్లు కారులోంచి మోటారు దించకముందే తేలిపోతుంది. పారామోటార్‌లో చాలామంది చేసే ల్యాండింగ్ ప్రాక్టీసంతా తప్పు చోట జరుగుతోందన్నది నా గట్టి అభిప్రాయం. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ముందు ఇంజిన్ సంగతి. కొత్తవాళ్లలో చాలామంది ఇంజిన్ ఆపకుండా ఐడిల్‌లో (సన్నగా తిరుగుతూ) పెట్టుకునే దిగుతారు. "ఏదైనా తేడా కొడితే థ్రాటిల్ ఇచ్చి మళ్లీ లేవొచ్చు కదా" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ థ్రాటిల్ ఎక్కడుంది? బ్రేకు పట్టుకున్న చేతిలోనే కదా. నేల దగ్గర పడుతుంటే భయానికి పిడికిలి బిగుసుకుంటుంది, బ్రేకుతో పాటు థ్రాటిల్ కూడా నొక్కుకుపోతుంది. వీపు మీద ఇరవై అయిదు, ముప్పై కిలోల బరువు, వెనక తిరుగుతున్న ప్రొపెల్లర్, అప్పుడే ముందుకు ఒక్క తోపు. మోకాళ్ల మీద పడతారు, ప్రొపెల్లర్ చుట్టూ ఉండే కేజ్ వంగుతుంది, ప్రొపెల్లర్ ముక్కలవుతుంది, వింగ్ లైన్లు అందులో చుట్టుకుంటాయి. ఇన్ని పనులు ఒకేసారి అవుతాయి.

అందుకే నేర్చుకునే రోజుల్లో పెద్ద ఖాళీ మైదానం మీద, యాభై మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కి, నిశ్శబ్దంలో దిగడం అలవాటు చేసుకోవాలి. మామూలు వింగ్ ఇంజిన్ లేకుండా సెకనుకు మీటరున్నర చొప్పున దిగుతుంది. అంటే మీ చేతిలో దాదాపు అరనిమిషం ఉంటుంది. గాలి లేకపోతే ఆ ఎత్తు నుంచి మూడు నాలుగు వందల మీటర్లు ముందుకు వెళ్తారు. ఈ లెక్క ఒంటికి పట్టాలి. టూ స్ట్రోక్ ఇంజిన్ మిమ్మల్ని అడిగి ఆగిపోదు. ప్లగ్గు పాడైనా, పెట్రోలులో చెత్త పడినా గాల్లోనే ఆగుతుంది. ఆ రోజు కొత్తగా నేర్చుకుంటానంటే కుదరదు.

ఇంజిన్ ఆపితే రెండో చాన్స్ పోతుంది, నిజమే. అందుకే పెద్ద మైదానం అన్నాను. చిన్న ప్లాటులో ఈ ప్రయోగాలు చేయకండి.

తర్వాత గాలి. గాలికి ఎదురుగా దిగాలని అందరికీ తెలుసు, ఎందుకో మాత్రం లెక్క వేసుకోరు. మీ వింగ్ స్పీడు గంటకు 40 కిలోమీటర్లు, గాలి 15 అనుకోండి. ఎదురుగాలికి దిగితే నేల మీద మీ వేగం 25, గాలి వీపు వైపు నుంచి కొడుతుంటే 55. తేడా రెండింతలే అనిపిస్తుంది కానీ దెబ్బ తగిలే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు అయిదింతలు. ఫ్లేర్‌తో కొంత తగ్గించుకోవచ్చు, అంత తేడాను మాత్రం ఏ ఫ్లేరూ పూడ్చలేదు.

మన దగ్గర జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి దంచికొడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఇంజిన్ సర్వీసు చేసుకోవడం మేలు. చలికాలం పొద్దున్నే ఆకు కూడా కదలదు. అందరూ ఇదే తేలికనుకుంటారు, నిజానికి ల్యాండింగ్ కష్టమయ్యేది అప్పుడే. ఎదురుగాలి సాయం లేదు కాబట్టి ఫ్లేర్ సరిగ్గా పడాలి, పడ్డా నాలుగడుగులు పరుగెత్తాలి. ఆ బరువుతో పరుగు ఎప్పుడైనా ప్రాక్టీసు చేశారా? వింగ్ లేకుండా, ఇంజిన్ ఆపి, మోటారు మాత్రమే తగిలించుకుని మైదానంలో ఒక రౌండు పరుగెత్తి చూడండి.

ఫైనల్‌లోకి, అంటే దిగేముందు ఆఖరి తిన్నని దారిలోకి వచ్చాక చేతులు పైకి, బ్రేకులు లాగకుండా. భయంతో నలభై అడుగుల ఎత్తు నుంచే బ్రేకులు సగం లాక్కుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. పైన ఉన్న గాలి నేల దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది. ఆ పొరలోకి దిగగానే వింగ్ కాస్త వేగం కోల్పోతుంది. చేతుల్లో స్పీడు మిగిలి ఉంటే సర్దుకుంటుంది, ముందే బ్రేకుల్లో ఖర్చు పెట్టేసుంటే రాయిలా కిందికి జారుతుంది. అప్పుడు మిగిలిన బ్రేకు లాగినా పనిచేయదు, ఇంకా చెప్పాలంటే వింగ్ స్టాల్ అవుతుంది, అంటే ఎగరడం మానేస్తుంది. ఇక కింద మలుపులు. ముప్పై మీటర్ల లోపు మైదానం మధ్యలోకి రావాలని ఒక చెయ్యి గట్టిగా లాగారంటే లోలకంలా ఊగుతూ పక్కకు వెళ్లి తగులుతారు. మైదానం మధ్యలో కాకపోయినా పర్లేదు, ఊగకుండా నిటారుగా దిగండి.

చూపు కూడా అంతే. కాళ్ల కింద గడ్డిని చూస్తూ దిగేవాడికి నేల ఒక్కసారిగా మీదికి వచ్చినట్టుంటుంది, కంగారుగా లాగుతాడు. యాభై మీటర్ల అవతల చెట్ల మొదళ్ల మీద చూపు నిలిపితే ఎత్తు తగ్గడం దానంతటదే తెలుస్తుంది. నడుము ఎత్తు దగ్గర నుంచి మెల్లగా, పాదాలు తగిలేసరికి పూర్తిగా లాగండి. అంతే. ఒకవేళ తొందరపడి లాగి పైకి లేచారా, చేతులు వదలకండి. వదిలారంటే వింగ్ ముందుకు దూకుతుంది, మీరు దాని వెనకాల కిందికి దూకుతారు. ఉన్నచోటే పట్టుకుని ఆగండి, కిందికొచ్చాక మిగిలింది లాగండి.

కాళ్లు ముందే దించుకోవడం మరచిపోయి సీటులో కూర్చునే దిగేవాళ్లను చూసి నవ్వకండి. ఆ బరువంతా వెన్నెముక మీద పడుతుంది.

ఇక మన నేల. హైదరాబాద్ చుట్టూ ఉన్నదంతా రాతి నేల, దాని మీద ప్లాట్లు. పదింటికే గుట్టలు, దున్నిన చేలు వేడెక్కి థర్మల్స్ (పైకి లేచే వేడి గాలి) వదులుతాయి. ఎండాకాలం ఎనిమిదింటి లోపు ప్యాకప్ చేయనివాడు ఏం సరదా పడుతున్నాడో నాకర్థం కాదు. వెంచర్లు ఇంకో తలనొప్పి. పైనుంచి చక్కగా చదును చేసిన మైదానంలా కనిపిస్తాయి, కిందికొచ్చాక గజానికో హద్దు రాయి, కడీలు, వాటికి ముళ్లతీగ. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, అది గుర్తు పెట్టుకోండి. తీగ కోసం వెతకొద్దు, స్తంభాల కోసం వెతకండి. రెండు స్తంభాలుంటే మధ్యలో తీగ ఉన్నట్టే. ఒక్క బోరు షెడ్డు కనిపించినా దానికి కనెక్షన్ ఎటునుంచి వచ్చిందో చూసుకోండి. గుట్ట, చెట్ల గుంపు, పెద్ద బిల్డింగు వెనక గాలి సుడులు తిరుగుతుంది. దాని ఎత్తుకు పదింతల దూరం వదిలేయడం నా పద్ధతి. చెరువు మీద గాలి మెత్తగా ఉంటుందని తక్కువ ఎత్తులో తిరిగే హీరోలకు ఒక్కటే చెబుతాను: ఈ ఆటలో ప్రాణాలు పోయే పెద్ద దారుల్లో నీళ్లు ఒకటి. మోటారు బకిల్స్ విప్పుకునే టైం మీకు దొరకదు. సంక్రాంతి రోజుల్లో మాంజా కూడా తోడు. 2017లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) నైలాన్ మాంజాను నిషేధించింది. అయినా బజార్లో దొరుకుతూనే ఉంది.

దిగబోయే చేను ఎవరిదో కూడా తెలుసుకోండి. చేవెళ్ల దగ్గర ఒక పెద్దాయన మా వాడితో అన్నాడు, "సారూ, మీరు మీదికెల్లి దిగుతరు, మంచిగనే ఉంటది. పత్తి కట్టె విరిగితె పైసలెవలిస్తరు?" సమాధానం లేదు. అడిగి దిగడం మర్యాద, కోతలయ్యాక దిగడం తెలివి. శంషాబాద్, బేగంపేట, దుండిగల్, హకీంపేట ఇన్ని రన్‌వేలున్న ఊరు మనది. ఎక్కడ లేవచ్చో పర్మిషన్ తేల్చుకోకుండా మైదానం వెతకడం దండగ.

అసలు కోపం ట్రైనింగ్ ఇచ్చేవాళ్ల మీద. అందరూ అలా కాదు. కానీ వీకెండ్ ప్యాకేజీ అంటూ తీసుకెళ్లి, కైటింగ్ (నేల మీద నిలబడి వింగ్‌ను గాలిలో ఆడించడం) రెండు గంటలు కూడా చేయించకుండా మోటారు తగిలించి తోసేసి, టేకాఫ్ వీడియో తీసి చేతిలో పెట్టే చోట్లు నేను చూశాను. నేల మీద వింగ్‌ను గంటలకొద్దీ ఆడించడం బోరే. ఎండలో చెమటలు కారతాయి, వీడియోకు పనికిరాదు. కానీ తల మీద వింగ్ ఎటు వాలుతోందో చూడకుండా చేతులకు తెలిసేది అక్కడే. దిగాక వింగ్‌ను వేడి సైలెన్సర్ మీద పడకుండా వెనక్కి పడేయడం వచ్చేదీ అక్కడే.

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి. మొదటి సోలోకు ముందు కైటింగ్ ఎన్ని రోజులు? ల్యాండింగ్ అప్పుడు రేడియోలో ఎవరుంటారు, మైదానం ఏ మూల నిలబడతారు? ఇంజిన్ ఆపి దిగడం ఎప్పుడు మొదలుపెడతారు? గాలి బాగాలేదని చివరిసారి ఎప్పుడు క్లాసు రద్దు చేశారు? ఆఖరి ప్రశ్నకు "మా దగ్గర ఎప్పుడూ రద్దు కాదు సార్" అని గర్వంగా చెబితే, ఫోన్‌పే చేయకుండా టీ తాగి వచ్చేయండి.