తరుగుదల గారికి ఒక బండివాడి విన్నపం

మహారాజశ్రీ తరుగుదల గారికి,

విజయవాడ పటమట నుంచి మీ పాలసీదారుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, జరిగిన వ్యవహారంలో కుశలంగా బయటపడినవారు మీరొక్కరే కనుక ఆ మాటను ఈసారికి వదిలేస్తున్నాను.

మీ వంశం మాకు కొత్త కాదు. బంగారం కొట్లో మజూరీ పక్కన తరుగు అనే పేరుతో మీ దగ్గరి బంధువొకరు కూర్చుని ఉంటారు. మా నాన్నగారు ధాన్యం కాటా వేయించిన ప్రతిసారీ తేమ ఉందని చెప్పి బస్తాకు ఇంత అని కోసుకుపోయిన పెద్దమనిషీ మీవారే. అయితే వారిద్దరితో కాసేపు బేరమాడవచ్చు, అలిగి లేచి రావచ్చు, మరో కొట్టుకు వెళతామని బెదిరించవచ్చు. మోటారు బీమాలో, బండి పాతబడిందని భాగాల ధరలో కోసే కోతగా కొలువైన మీరు మాత్రం పట్టిక రూపంలో, శాతాల్లో, అచ్చులో ఉంటారు. పట్టిక మీద అలిగి ఏం లాభం?

గత నెలలో ఒక శనివారం సాయంత్రం బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ వైపు వెళుతుండగా, రాంగ్ రూట్లో వచ్చిన ఒక కుర్రవాడి బండి నా ముందు చక్రాన్ని గుద్దింది. నాకు మోచేయి గీరుకుపోవడం తప్ప ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ అబ్బాయి ఎంతో వినయంగా "సారీ అంకుల్" అని, నా బండిని తానే లేపి స్టాండు వేసి, నేను హెల్మెట్ తీసేలోగా జనంలో కలిసిపోయాడు. నంబరు చూద్దామంటే, నంబరు ఉండవలసిన చోట ఒక కథానాయకుడి బొమ్మ నవ్వుతోంది. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలినా, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా 24 గంటలలోపు దగ్గరి పోలీసు స్టేషనులో తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షను చెబుతోంది. అది తెలిసిన నేను స్టేషనుకు వెళ్లాను, తెలియని అతడు ఇంటికి వెళ్లాడు. పెద్ద దెబ్బలేమీ లేవు కనుక స్టేషనులో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో రాస్తే సరిపోతుందని అక్కడివారు చెప్పి, రాసి, ఒక నకలు ఇచ్చారు.

ఆ తరువాత క్లెయిమ్ ఫారం. ప్రమాద సమయంలో మీ వాహన వేగమెంత అని అందులో ఒక ప్రశ్న ఉంది. శనివారం సాయంత్రం ఆరున్నరకు బందరు రోడ్డు మీద వాహనాలకన్నా బందరు కాలువలో నీళ్లే వేగంగా కదులుతాయన్న నిజాన్ని రాయడానికి ఆ గడి చాలక 15 అని వేశాను. సంఘటనా స్థలం పటం గీయమన్న చోట నా బండికి ఒక బాణం గుర్తు, అతని బండికి ఎదురు బాణం గుర్తు వేశాను. ఆ చిత్రాన్ని ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

ఇక మీ దర్శనభాగ్యం ఆటోనగర్‌లో కలిగింది. మెకానిక్ వేలాడుతున్న మడ్‌గార్డు ముక్కను బొటనవేలితో అటూ ఇటూ ఊపి, "ఫైబర్ మొత్తం పోయింది సార్" అన్నాడు. నష్టం 50,000 రూపాయల లోపే కనుక నష్టాన్ని అంచనా కట్టే లైసెన్సు ఉన్న సర్వేయరు అక్కర్లేదట, కంపెనీ మనిషే వచ్చాడు. ఆయన అదే ముక్కను గోటితో గీకి, "ప్లాస్టిక్" అని రాసుకున్నాడు. ఒక్క మాట తేడాయే గదా అనుకున్నాను. మీ పట్టికలో ఫైబర్ గ్లాసుకు కోత 30 శాతమనీ, ప్లాస్టిక్కుకు, రబ్బరుకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతమనీ ఆ రోజే తెలిసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆటోనగర్‌లో దాన్ని ఫైబర్ అనే పిలవడం విన్నానని మనవి చేసుకుంటే, ఆయన చిరునవ్వు నవ్వి ఫొటో తీసుకున్నాడు.

మీ ధర్మశాస్త్రంలో ఇనుము మనిషిలాగే ఏళ్లు గడిచేకొద్దీ ముసలిదవుతుంది. ఆరు నెలల వరకు దానికి వయసే లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, అలా పెరిగి పదేళ్లు దాటాక 50. ప్లాస్టిక్ మాత్రం పుడుతూనే పండుముసలి. షోరూమ్ నుంచి నిమ్మకాయ తొక్కించి తెచ్చిన బండి అదే సాయంత్రం పడినా, దాని మడ్‌గార్డు మీ లెక్కలో సగం ఆయుష్షు తీరినదే. గాజు ఒక్కటే మీకు లొంగదు, దాని మీద కోత సున్నా. నా బండిలో పగలవలసినవన్నీ పగిలాయి గానీ, మీకు అధికారం లేని ఆ అద్దం మాత్రం చెక్కుచెదరలేదు.

నా బండి వయసు 2 సంవత్సరాల 4 నెలలు, బిల్లు 10,500. అందులో హ్యాండిల్, ఫోర్కు వగైరా లోహం 3,200 కాగా 480 మీరు తీసుకున్నారు. ప్లాస్టిక్ 5,600లో సరిగ్గా సగం మీది. కూలి 1,400 జోలికి మీరు రాలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి. నట్లు, బోల్టులు, ఆయిలు కలిసిన 300 లెక్కలోకే రాలేదు, పైగా ప్రతి క్లెయిములో పాలసీదారుడే భరించవలసిన తప్పనిసరి మినహాయింపు పేరుతో మరో 100 పోయింది. చేతికి అందినది 6,820. రెండేళ్లపాటు ఏమీ అడగనందుకు ప్రీమియంలో తగ్గింపుగా నాకు దక్కిన 25 శాతం నో క్లెయిమ్ బోనసు, ఒక్కసారి అడిగిన పాపానికి సున్నాకు దిగింది.

మీ నిష్పక్షపాతం మీద నాకు ఒక్క చోటే సందేహం. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీలను బట్టి కడతాము, కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కడతాము, బండి ఎంత ముసలిదైనా అది ఆ కారణంగా రూపాయి తగ్గదు. అటువైపు తమరు ఎప్పుడూ తొంగి చూసినట్లు లేదు. మీరు మా గడప తొక్కకుండా ఉండాలంటే జీరో డిప్రిసియేషన్ అని, అంటే తరుగుదల కోత లేని రక్షణకు, వేరే కట్టుకోవాలని ఏజెంటు ఇప్పుడు చెబుతున్నాడు. అతిథి రాకుండా ఉండటానికి ముందే సంభావన పంపే ఆచారం మా పెళ్లిళ్లలో ఇంకా రాలేదు.

చివరగా ఒక చిన్న లెక్క మిగిలింది. పగిలిన మడ్‌గార్డును, పక్క ప్యానెళ్లను మెకానిక్ పాత సామాను కొట్లో తూకానికి వేసి 14 రూపాయలు తెచ్చి ఇచ్చాడు. అది ప్లాస్టిక్కే కనుక అందులో తమ వాటా 7 రూపాయలు విడిగా తీసి ఉంచాను. ఏ ఖాతాకు జమ చేయాలో తెలియజేయగలరు.

ఇట్లు,
ఫైబరని నమ్మి ప్లాస్టిక్‌గా తేలిన మీ విధేయుడు