క్యాన్సర్ పొడికి ఒక వేలం కేంద్రం కావాలి

ఒంగోలు చుట్టుపక్కల పుట్టినవాడికి రెండు ఆకుల గురించి తెలిసి తీరాలి. ఒకటి జబ్బు తెచ్చే ఆకు, రెండోది జబ్బు కుదిర్చే ఆకు. మొదటిదాన్ని పొగాకు అంటారు. రెండోదాని పేరు ఎవరూ చెప్పరు. చెబితే పనిచెయ్యదట.

మొదటి ఆకుకు జరిగే మర్యాద చూడండి. రైతుకు రిజిస్ట్రేషను, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు, ఎంత పండించాలో దానికో కోటా. 1975లో పార్లమెంటు దానికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. గుంటూరులో బోర్డు పెట్టారు. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలాలు నడుస్తున్నాయి. టంగుటూరు వేలం కేంద్రంలో బేలు, అంటే పొగాకు కట్ట, దించారంటే దానికి చీటీ కడతారు, తూకం వేస్తారు, బయ్యర్లొచ్చి లోపలి ఆకు బయటికి లాగి చూస్తారు. పైన మేలురకం బ్రైటు పరిచి అడుగున లోగ్రేడు కుక్కితే దొరికిపోతాడు. నచ్చకపోతే ‘నో బిడ్’ అనేసి పక్క బేలుకు నడుస్తారు. సంవత్సరం పాటు ఒళ్లు వంచిన రైతు ఆ రెండు ముక్కలు విని నోరెత్తకుండా బేలు ఇంటికి తోలుకుపోతాడు. ఇదంతా అయ్యి సిగరెట్టుగా పెట్టెలో చేరాక, ఆ పెట్టె మీద 85 శాతం మేర పుండు బొమ్మా, హెచ్చరిక రాతా వేసి మరీ అమ్మాలి.

రెండో ఆకు పాత న్యూస్‌పేపరు పొట్లంలో వస్తుంది. చీటీ లేదు, తూకం లేదు, గ్రేడు లేదు. పొట్లం మీద ఏదన్నా అచ్చయి ఉందంటే అది నిరుటి జిల్లా ఎడిషన్లో శ్రద్ధాంజలి ఫొటో.

ఇది అన్యాయం. జబ్బు తెచ్చే ఆకుకు ఇంత గౌరవం ఇచ్చి, జబ్బు కుదిర్చే ఆకును దిక్కులేనిదాన్ని చేశాం. కాబట్టి క్యాన్సర్ పొడులకు, కషాయాలకు, పసర్లకు కూడా జిల్లాలో ఒక వేలం కేంద్రం పెట్టాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఈ ఆలోచన నాది కాదు, మా పెదనాన్నది. ఆయన ఇప్పుడు స్పష్టంగా మాట్లాడలేడు కాబట్టి నేను రాస్తున్నాను.

పెదనాన్న నలభై ఏళ్లు పొగాకు వేశాడు. ఆకు చూడక్కర్లేదు, ముట్టుకుని గ్రేడు చెప్పేవాడు. కుడి దవడ లోపల తెల్లమచ్చ వచ్చింది. చుట్ట పెట్టుకునే వైపు. కొన్నాళ్లకు మచ్చ పుండైంది. ఒంగోలు డాక్టరు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. ఆ మాట ఇంటికి చేరేలోపే బంధువులు చేరారు. మా వైపు ఒకరికి క్యాన్సరంటే చాలు, ఊళ్లో ప్రతివాడూ స్పెషలిస్టే. మెడికల్ సీటు రాక మొన్నటిదాకా ఎరువుల కొట్టు నడిపినవాళ్లు కూడా స్టేజీల గురించి మాట్లాడతారు.

ముక్క తీస్తే పాకుద్దన్నారు. కత్తి తగిలితే రేగుద్దన్నారు. ఈ రెండు సిద్ధాంతాలకూ ఆధారం ఒకటే: ఫలానా ఊళ్లో ఫలానా ఆయన ఆపరేషన్ చేయించుకున్నాక పోయాడు. చేయించుకోక పోయినవాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు, వాళ్లు ఆయుష్షు తీరి పోయారు గనక.

అప్పుడొచ్చాడు మా చిన్నాన్న, పెదనాన్నకు తోడల్లుడు, చేతిలో పొట్లం. కొండ కింద ఒక పెద్దాయన ఇస్తాడట. మందుకు పైసా తీసుకోడట. అనుపానానికి, అంటే మందుతో కలిపి పుచ్చుకోవడానికి, తేనె, ఆవునెయ్యి మాత్రం ఆయన దగ్గరే కొనాలట. ధర చెబితే ఆ ఆవు ఏ జాతిదోనని మీకు అనుమానమొస్తుంది, అందుకని చెప్పను.

పెదనాన్న పొట్లం విప్పాడు. వెలుతురు కోసం వసారా అంచుకు జరిగాడు. చిటికెడు తీసి బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య నలిపాడు. వాసన చూశాడు. మళ్లీ నలిపాడు.

“ఇందులో రెండు మూడు రకాల ఆకు కలిసిందిరా. ఒకటి సరిగ్గా ఆరనుగూడా లేదు. ఏ చేలోది ఇది?”

“అట్టా అడగకూడదన్నా,” అన్నాడు చిన్నాన్న. “అడిగితే మందు ఇరుగుద్ది.”

నలభై ఏళ్లు బయ్యర్లతో వాదించిన మనిషి మాట్లాడకుండా ఆ చిటికెడూ నోట్లో వేసుకున్నాడు. చెయ్యి గ్రేడు చెప్పింది. భయం బిడ్ పాడేసింది.

ఇక పథ్యం. ఈ వైద్యంలో అసలు మందు పథ్యమేనని నా నిశ్చితాభిప్రాయం, పొడి దానికి అనుపానం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చింతపండు వద్దు, చేపల పులుసు సంగతి ఎత్తనే వద్దు. చావింటికి పోరాదు. పురిటింటికి పోరాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంగ్లీషు మందు గాలి తగలరాదు. మనిషన్నవాడెవడూ పూర్తిగా చెయ్యలేనంత పథ్యం పెడతారు, అందులోనే ఉంది కిటుకు. తగ్గితే మందు తగ్గించింది. తగ్గకపోతే నువ్వు పథ్యం తప్పావు. ఇంతటి ధీమా ఏ ఇన్సూరెన్సు కంపెనీకీ లేదు. మొదటి మండలం, అంటే 48 రోజులు, అయ్యాక పుండు పెద్దదైంది. కొండ కింద విచారణ జరిగింది. పక్కింటి పెళ్లిలో గుత్తి వంకాయ వండిన రోజున పెదనాన్న వసారాలోనే కూర్చుని ఉన్నట్టు తేలింది. తినలేదు, వాసన తగిలింది. రెండో మండలం మొదలుపెట్టారు.

ఆ మండలంలో మిగతా ఆకులు కూడా దిగాయి. ఎవరో లక్ష్మణఫలం తెచ్చారు. కీమో కన్నా పది వేల రెట్లు శక్తి అని ఫోన్లో వీడియో. ఆ పది వేలు గాజుగిన్నెలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగంలో నుంచి లాక్కొచ్చిన అంకె. గాజుగిన్నెలో కణాల్ని ఫినాయిలూ చంపుతుంది, అట్లని రోజూ పొద్దున ఒక మూత తాగం కదా. ఆ పండునూ దాని ఆకు కషాయాన్నీ బాగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు కనిపిస్తోందని 1999లోనే లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఆ ముక్క వీడియోలో పట్టలేదనుకుంటాను. మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్ చేసి విటమిన్ బి17 పంపమంటావా అన్నాడు. అది విటమిన్ కాదు. చేదు ఆప్రికాట్ గింజల్లోని సరుకుకు పెట్టిన ముద్దుపేరు. కడుపులోకి పోతే సయనైడు విడుస్తుంది. 1982లో 178 మంది రోగుల మీద పరీక్షించి పనిచెయ్యలేదని తేల్చారు, కొందరి రక్తంలో సయనైడు ప్రమాదపు అంచుదాకా పోయింది. పొగాకు భాషలో చెప్పాలంటే నలభై ఏళ్ల కిందటి నో బిడ్ బేలు. చీటీ మార్చి మళ్లీ మళ్లీ వేలానికి తెస్తున్నారు.

నాటు ఆకంటే నాకు లోకువని ఎవరన్నా అనుకుంటారేమో. పెదనాన్న వాకిట్లో బిళ్ళగన్నేరు మొక్క ఉంది, ఎవరూ నీళ్లు పొయ్యరు, అయినా పూస్తుంది. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు దాన్నుంచే వచ్చింది. 1963లో అమెరికాలో అనుమతి పొందింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడతారు. ఆ ఆకు వేలానికి వచ్చింది. విప్పి చూశారు, తూచారు, ఏ గుణం ఎంతుందో విడదీశారు, ఎంత మోతాదు దాటితే నరాలు దెబ్బతింటాయో కూడా రాసుకున్నారు. అంతేగాని పక్కింటి వంకాయ మీద నెపం వెయ్యలేదు.

ఇంకొక సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా పోకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పిన మనిషి. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో రాశాడు. మిగతా ఆరుగురి సంగతి దాచలేదు. కీమో అంటే తెల్లవాడి విషం అని తిట్టే మా చిన్నాన్నకు ఆ పొయ్యి రాజేసిన చేతుల్లో తెలుగు చెయ్యి ఉందంటే నమ్మడు. ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పిన చెయ్యంటే అసలే నమ్మడు.

మన నెల్లూరు జిల్లాలోనే 2021 మేలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం కృష్ణపట్నం దారిలో జనం బారులు తీరినప్పుడు, సర్కారు పంపిణీ ఆపి మందును పరిశీలనకు పంపింది. తర్వాత అనుమతి ఇస్తూ కంట్లో వేసే చుక్కల్ని మాత్రం పక్కన పెట్టింది. ఆ పరిశీలన సరిపోయిందా లేదా అన్నది వేరే సంగతి. ఒక బేలు తీసుకుని ఒక బేలు తిప్పి పంపడమనే పద్ధతి మనకు తెలియనిదేమీ కాదనే చెబుతున్నాను. కొండ కింది పొడికి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. చట్టం లేక కాదు. క్యాన్సర్ కుదురుస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే ఉంది, మొదటిసారి పట్టుబడితే ఆరునెలల దాకా జైలు. బస్టాండు గోడ మీద పోస్టరు అంటించేవాడికి ఆ చట్టం చదివే తీరిక లేదు. అది తెలిసినవాళ్లకు బస్టాండుకు వచ్చే అవసరం లేదు.

96 రోజులయ్యాక మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఏమీ అనలేదు. “పెద్దాయనా, మీ చేతి మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టండి” అన్నాడు. మామూలు మనిషికి పడతాయి. మొదటిసారి పెదనాన్నకూ పట్టాయి. ఇప్పుడు ఒకటిన్నర. పొగాకు నలిపి నలిపి నల్లబడ్డ ఆ వేళ్లను పళ్ల మధ్య దూర్చాలని ఆయన రెండు మూడుసార్లు ప్రయత్నించి, వేళ్లు పంచెకు తుడుచుకుని, బయటికి చూస్తూ కూర్చున్నాడు.

చెంపతో పోవాల్సింది దవడ ఎముక దాకా పోయింది. ఆపరేషను, ఛాతీ మీద కండ తెచ్చి బుగ్గకు అతికించడం, తర్వాత ఆరు వారాల పాటు రేడియేషను. ఖర్చు చాలామటుకు ఆరోగ్యశ్రీ కార్డు మీద పోయింది. తేనె డబ్బులకు ఏ కార్డూ లేదు. మామూలు వైద్యం వదిలి కేవలం ఇతర వైద్యాల్నే నమ్ముకున్న 281 మంది రికార్డులు చూసి, వాళ్లు చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకన్నా రెండున్నర రెట్లని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో లెక్క వేశారు, రొమ్ము క్యాన్సర్‌లోనైతే అయిదు రెట్లకు పైనే. పెదనాన్న ఆ లెక్కలోకి పోకుండా అంచున ఆగాడు. మనిషి బతికాడు. మెత్తగా చేసిన అన్నం తింటాడు. మాట ముద్దగా వస్తుంది.

చిన్నాన్న వచ్చి చూసి చాలా సంతోషించాడు. “పొడి పునాది ఏసింది గాబట్టే ఆపరేషన్ తట్టుకున్నాడు” అన్నాడు. ఆయన్ని ఒక్కడినే అని లాభం లేదు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ సిద్ధూ తన భార్య క్యాన్సర్ వేపాకు, పసుపు, నిమ్మకాయ నీళ్లతో తగ్గిందన్నట్టు చెబితే, ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు 262 మంది సంతకాలు పెట్టి నమ్మొద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆమెకు ఆపరేషనూ కీమో కూడా జరిగాయి. తర్వాత ఆయనే డాక్టర్ల సలహాతోనే చేశామని సర్దుకున్నాడు. కోత డాక్టరుది, కీర్తి వేపాకుది.

మొన్న ఆదివారం పెదనాన్న ఇంట్లో ఉండగా ఫోనొచ్చింది. పొదిలి వైపు నుంచి ఎవరో. “అయ్యా, మీ పెదనాన్నగారికి నోటి క్యాన్సరు పొడితో తగ్గిందంటగా. మా అన్నకు గూడా అదే. ఆ కొండ కింద అడ్రసు కాస్త చెప్తారా?” కొండ కింద ఇప్పుడు పెదనాన్న పేరు చెప్పే ఇస్తున్నారట.

నేను నోరు తెరిచేలోపే పెదనాన్న ఫోన్ లాక్కున్నాడు. ఏదో అన్నాడు. అవతలాయనకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. “ఏందంటన్నారండీ పెద్దాయన?” అని ఆయన నన్నడిగాడు.

“మీ అన్న పక్కనే ఉన్నాడా?” అన్నాను. “మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమంటన్నాడు.”

అవతల మంచం కిర్రుమంది. ఎవరో ఎవరితోనో మెల్లగా చెబుతున్నారు. పెదనాన్న స్పీకర్ నొక్కి, ఫోన్ను అరచేతిలో పొగాకు పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

“రెండు పడుతున్నాయండీ,” అంది ఫోను. “మూడోది పళ్లకి తగుల్తా ఉంది.”