మాజీ జనసాంద్రత 384 గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మీ కుశలం ఎవరిని అడగాలో తెలియడం లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో చదరపు కిలోమీటరుకు ఎంతమంది అంటే మీరే జవాబు. 42 లక్షల 90 వేల జనాన్ని 11,161 చదరపు కిలోమీటర్లతో భాగిస్తే మీరు పుట్టారు. దేశం సగటు 382, మీరు అంతకంటే ఇద్దరు ఎక్కువ. గ్రూప్స్‌కి చదివే పిల్లలు మిమ్మల్ని బట్టీ పట్టారు. అంతా బాగానే ఉంది గానీ, మీరు కాపురం ఉన్న ఊరేదో మాత్రం ఎవరికీ తెలియదు.

విశాఖ వన్‌టౌన్ సందుల్లో లేరు. అక్కడ మీ 384 మంది నాలుగు వీధుల్లోనే సరిపోతారు. పోనీ కొండెక్కి ముంచంగిపుట్టు వైపు వెతుకుదామంటే, అక్కడ కిలోమీటరు నడిచినా మనిషి ఎదురుపడితే గొప్ప. జిల్లాలో సగానికి పైగా ఏజెన్సీ కొండలే. ఆ కొండల్ని, ఓడరేవుని ఒకే గిన్నెలో వేసి కలిపితే వచ్చిన కిచిడీ మీరు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. ఆ రాత్రి ఎవరూ మూటాముల్లె సర్దలేదు, ఏ లారీలోకీ సామాను ఎక్కలేదు. తెల్లారేసరికి విశాఖపట్నం జిల్లా 1,870 అయింది, అనకాపల్లి 402, అల్లూరి సీతారామరాజు జిల్లా 78. చివరిదాంట్లో అప్పటికి తూర్పుగోదావరి నుంచి వచ్చిన రంపచోడవరం కొండలు కూడా ఉండేవి లెండి. గీత ఎక్కడ గీస్తే మీరు అక్కడికి ఒరుగుతారని మాకు అప్పుడే అర్థమైంది. నగరానికీ ఇదే వైద్యం. 2005లో గాజువాకని, చుట్టుపక్కల 32 గ్రామాల్ని నగరంలో కలిపారు. ఒక్క ఇరుకు గది వెడల్పు కాకపోయినా, తోటలూ కొండలూ హద్దులోకి రాగానే నగరం కాగితం మీద పలచబడింది.

మిమ్మల్ని తిడితే సరిపోదు, సరైన లెక్క కూడా చెప్పాలి కదా. 2022లో గీసిన ఈ మూడు జిల్లాల్నే తీసుకోండి. 1,048, 4,292, 12,251 చదరపు కిలోమీటర్లలో 19.6, 17.3, 9.5 లక్షల జనం. మీ పద్ధతిలో మొత్తం జనాన్ని మొత్తం నేలతో భాగిస్తే 264. ఇప్పుడు నేలని అడగడం మానేసి మనుషుల్ని అడుగుదాం: నీ జిల్లా సాంద్రత ఎంత? 19.6 లక్షల మంది 1,870 అంటారు, 17.3 లక్షల మంది 402 అంటారు, 9.5 లక్షల మంది 78 అంటారు. ఒక్కో జిల్లా జనాన్ని దాని సాంద్రతతో గుణించి, మూడూ కూడి, మొత్తం జనంతో భాగిస్తే 955 దాటుతుంది. అదే నేల, అదే జనం, జవాబు మూడున్నర రెట్లు పైగా. మీ సగటులో బోడికొండకీ మనిషికీ సమాన ఓటు. జిల్లాలు వదిలి మండలాల వారీగా చేస్తే తేడా ఇంకా తేలుతుంది. అడవి, చెరువు తీసేసి చేస్తే మరీను.

ఇంతకీ కొండమీద జనం ఎందుకు పలచన? అడవిలో భయమేసి కాదు. పోడు కొట్టిన వాలులో రెండు మూడేళ్లు చోళ్లు, సామలు, కందులు పండాక నేల అలిసిపోతుంది. దాన్ని చెట్టూ చేమకి వదిలేసి మరో వాలుకి పోవాలి. అంటే ఒక కుటుంబానికి ఈ ఏడు దున్నే చెక్క ఒక్కటుంటే చాలదు, పడుకున్న చెక్కలూ ఉండాలి. మీ కంటికి అది ఖాళీ నేల. వాళ్లకి అది సెలవులో ఉన్న పొలం. దాని తోడు నీళ్లు. వానాకాలం గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ పొంగుతాయి, ఆ నీళ్లని నమ్మి ఎవరూ ఇల్లు కట్టరు. ఏప్రిల్, మే నెలల్లో కూడా ఊట ఎన్ని బిందెలు నింపుతుందో చూసుకుని, ఊరు అంతలో ఆగుతుంది. జనం పెరిగితే నాలుగు ఇళ్లవాళ్లు విడిపోయి ఇంకో ఊట పక్కన చేరతారు.

కిందికి దిగితే లెక్క తిరగబడుతుంది. శారదా నది పక్కన చెరకు ఉంది. కోసిన గడ ఎండలో పడుంటే తీపి తగ్గుతుంది, కాబట్టి కోసేవాడు, మోసేవాడు, గానుగ ఆడేవాడు, పొయ్యిలోకి పిప్పి ఎగదోసేవాడు, పాకం పదును చూసేవాడు అందరూ కూతవేటు దూరంలో ఉండాలి. అనకాపల్లి బెల్లం వెనక ఉన్న సాంద్రత అది. వరి సంగతి చెప్పక్కర్లేదు, ఊడ్పులప్పుడు ఊరంతా ఒకే వారం మడిలో ఉండాలి. నీళ్లు తప్పితే ఏమవుతుందో గోదావరివాళ్లని అడగండి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841 నాటికి 5 లక్షల 61 వేలు. కరువులు తిన్నాయి, మిగిలినవాళ్లలో కొందరు వలసపోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గానీ ఆ నేల మళ్లీ నిండలేదు.

మరి విశాఖ నగరానికి ఏ నది ఉంది? ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. 1901లో సుమారు 41 వేల జనం ఉన్న ఊరు 2011కి 17 లక్షలు దాటింది. కారణం ఒక కొండ. డాల్ఫిన్స్ నోస్ అలలకి అడ్డం నిలబడింది, దాని వెనక ఉప్పుటేటి బురదని తవ్వి 1933లో రేవు తెరిచారు. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. రేవు వెంట నౌకా నిర్మాణం, చమురు శుద్ధి, ఉక్కు వచ్చాయి, వాటి వెంట జనం వచ్చారు, జనం వెంట నీళ్లు వచ్చాయి: మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఎక్కడో ఉమ్మడి తూర్పుగోదావరి నుంచి కాలువలో ఏలేరు. ఊరు ఏటి దగ్గరికి పోతుందని పాఠం చెప్పేవాళ్లు ఇక్కడికి వస్తే పాఠం తిరగరాసుకోవాలి.

మీవల్ల నష్టం ఏమిటని అడుగుతారేమో. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 మంది, కొండ ప్రాంతంలో 3,000 మంది అని నిబంధన. ఉదారంగానే ఉంది. భాగించి చూడండి. 402 ఉన్నచోట 5,000 మంది అంటే 12 చదరపు కిలోమీటర్లు. 78 ఉన్నచోట 3,000 మంది అంటే 38. రాయితీ ఇచ్చాక కూడా కొండమీది నర్సు (ఏఎన్ఎం) మూడింతల నేల తిరగాలి, అదీ గెడ్డలు దాటుతూ. నొప్పులొచ్చిన మనిషిని దుప్పటి కట్టిన కర్రకి వేలాడదీసి డోలీలో మోసుకొస్తున్న ఫొటో పేపర్లో ఏటా పడుతుంది చూడండి, దాని కింద వివరణగా మీ భాగహారం వేసుకోవచ్చు.

మీ వారసుల కోసం ఎదురుచూస్తున్నాం. 2021లో రావాల్సినవాళ్లు కోవిడ్‌లో ఆగిపోయారు, ఇప్పుడు జనాభా లెక్కలకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఒక మాట వాళ్లకి ముందే చెప్పండి. లెక్క తీసేది ఫిబ్రవరిలో. ఆ రోజుల్లో ఒక్కపూటైనా ఇంట్లో ఉన్నవాడిని సొంత ఊళ్లో రాస్తారు, ఆ గడువంతా బయటే ఉన్నవాడు దొరికినచోట లెక్కకొస్తాడు. పాలమూరు, అనంతపురం కూలీలు మేస్త్రీ వెంట పోయి ఉండే నెల అది. వాళ్ల ఊరు పలచన, వాళ్లు కట్టే అపార్ట్‌మెంటు పక్కన రేకుల షెడ్డు చిక్కన.

ఇట్లు,
1,870 నుంచి, 402 నుంచి, 78 నుంచి
మీ మాజీ జనం

తా.క.: పదవీ విరమణ తర్వాత ఇల్లు చూసుకోవాలంటే మాడుగుల వైపు, కొండ దిగి పొలం మొదలయ్యేచోట ప్రయత్నించండి. సరిగ్గా 384 మంది దొరుకుతారని హామీ ఇవ్వలేం, హల్వా మాత్రం దొరుకుతుంది.