ఎక్కడమా, ఎక్కించడమా?

లుక్లాలో విమానం దిగగానే తెలుగువాడు తన రెండు రాష్ట్రాల్లోని ప్రతి కొండకన్నా ఎత్తున నిలబడి ఉంటాడు. తూర్పు కనుమల్లో మనకున్న అతి ఎత్తయిన శిఖరం, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మ కొండ, 1,700 మీటర్లు దాటదు. నేపాల్‌లోని ఆ బుల్లి విమానాశ్రయమే దాదాపు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి ఇంకో 3,300 మీటర్లు పైకి పోతే ఐలాండ్ పీక్ కొస వస్తుంది. 6,189 మీటర్లు. "ముందస్తు అనుభవం అక్కర్లేదు, మామూలు ఫిట్‌నెస్ చాలు" అని ట్రెకింగ్ సంస్థల ప్రకటనలు ఊరించేది ఇలాంటి శిఖరాల గురించే.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడు ఒకరు మొన్న అలాంటి ప్రకటన నాకు పంపాడు. రోజూ తెల్లవారుజామున పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి. "శని, ఆదివారాలు కలుపుకుంటే పన్నెండు రోజులు దొరుకుతాయి, సరిపోతాయా?" అన్నది అతని ప్రశ్న. ప్రకటనలో ధర ఉంది, వెంట తెచ్చుకోవలసిన సామాను జాబితా ఉంది, శిఖరం మీద జెండా పట్టుకుని నవ్వుతున్న వాళ్ల ఫొటో ఉంది. వెంట వచ్చే గైడు ఎవరో లేదు. దారిలో వెనక్కి తిరగాల్సి వస్తే ఏమవుతుందో అసలే లేదు. అతనికి ఫోనులో చెప్పిన జవాబు కాస్త పెరిగి ఈ వ్యాసమైంది.

ఇలాంటి శిఖరాలను "ట్రెకింగ్ పీక్" అంటారు. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ఎక్కడం ఎంత కష్టమో చెప్పడానికి పెట్టిన పేరు కాదది. అనుమతి కాగితం ఎవరు ఇస్తారో చెప్పే పేరు. 1970ల చివర్లో నేపాల్ ప్రభుత్వం కొన్ని చిన్న శిఖరాలను విడదీసి, వాటికి అనుమతులిచ్చే పనిని నేపాల్ పర్వతారోహణ సంఘం చేతిలో పెట్టింది. ఎవరెస్టు వంటి పెద్ద శిఖరాలకు ఉండే తతంగం, భారీ రుసుము వీటికి ఉండవు. ఐలాండ్ పీక్ ఉన్న ఆ జాబితాలోనే కుసుమ్ కంగురు కూడా ఉంది. నిటారు మంచుగోడలతో, చేయి తిరిగిన ఆరోహకులు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించే శిఖరం అది. ఒకే కిటికీ దగ్గర టికెట్లు ఇస్తున్నారు కదా అని రెండు రైళ్లూ ఒకే ఊరికి పోవు.

ఐలాండ్ పీక్ చరిత్ర కూడా "తొలి అడుగు వేసేవారి శిఖరం" అన్న ప్రచారానికి అంతగా సరిపోదు. 1951లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ బృందం కింద ఉన్న డింగ్‌బోచే గ్రామం నుంచి చూసినప్పుడు చుట్టూ మంచు సముద్రం, నడుమ ఒక దీవిలా కనిపించిందట, అందుకే ఆ పేరు. 1983లో అధికారికంగా ఇమ్జా త్సే అని మార్చారు గానీ వ్యాపారం పాత పేరునే పట్టుకుని వేలాడుతోంది. 1953లో ఎవరెస్టుకు వెళ్తున్న బ్రిటిష్ యాత్ర సభ్యులు సన్నాహంగా దీన్ని ఎక్కారు. ఆ జట్టులో చార్లెస్ ఎవాన్స్, ఆల్ఫ్రెడ్ గ్రెగరీ, చార్లెస్ వైలీలతో పాటు టెన్జింగ్ నార్గే ఉన్నాడు. అప్పటికే ఆరితేరినవాళ్లు చేయి సవరించుకోవడానికి ఎంచుకున్న కొండ మీదికి ఇవాళ బూట్లకు ముళ్లు కట్టుకోవడం నిన్నే నేర్చుకున్నవాళ్లం వెళ్తున్నాం.

ఎలా వెళ్లగలుగుతున్నాం? బేస్ క్యాంప్ సుమారు 5,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో తలదీపం వెలుగులో బయలుదేరుతారు. మొదట రాళ్ల గుండా ఏటవాలు నడక, ఆ తర్వాత హిమానీనదం. అక్కడ బూట్లకు క్రాంపాన్లనే ముళ్ల పట్టాలు తొడుక్కుని, నడుముకు హార్నెస్ అనే పట్టీ బిగించుకుని, ఒకరి వెనక ఒకరు ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. మంచు పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు పరిచి ఉంటాయి. చివర్లో వచ్చేది హెడ్‌వాల్ అని పిలిచే మంచుగోడ. దాని మీద వేలాడుతున్న తాడుకు, పైకి జరుగుతుందే తప్ప కిందికి జారని జుమార్ అనే పిడి తగిలించుకుని ఒక్కో అడుగే పైకి జరగాలి. గోడ దాటాక సన్నటి గట్టు, గట్టు చివర శిఖరం. కొత్తవాళ్లు ఈ పనిముట్లతో కుస్తీ నేర్చుకునేది చాలాసార్లు బేస్ క్యాంప్ దగ్గర ఒక పూట సాధనలోనే.

ఆ తాడు అక్కడికి దానంతటది రాలేదు. సీజను మొదట్లో షెర్పాలు పైకి వెళ్లి, మంచులో మేకులు దిగగొట్టి, తాళ్లు కట్టి, నిచ్చెనలు పరిచి వచ్చారు. హిమానీనదం కరుగుతున్న కొద్దీ పగుళ్లు వెడల్పవుతాయి, గోడ రూపు మారుతుంది, నిరుడు వేసిన దారి ఈ ఏడు పనికిరాదు, మళ్లీ కట్టాలి. మనకు సులువైన శిఖరం అంటే వేరొకరు ముందే కష్టపడి సులువు చేసిపెట్టిన శిఖరం. ఈ తేడా చెప్పడానికి తెలుగు వ్యాకరణం మనకొక చక్కటి వసతి ఇచ్చింది. ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు. ఐలాండ్ పీక్ మీద నూటికి తొంభై ఫొటోల కింద "ఎక్కాను" అని ఉంటుంది. "ఎక్కించారు" అని రాసుకున్నవాళ్లను నేనింకా చూడలేదు.

ఇది ఎగతాళి అనుకోవద్దు. గైడు చేయి పట్టుకుని పైకి పోవడంలో చిన్నతనమేమీ లేదు. ఈత నేర్పే గురువు లేకుండా గోదావరిలో దూకమని ఎవరూ చెప్పరు. తనను ఎక్కిస్తున్నారన్న సంగతి గుర్తున్నవాడు గైడు మాట వింటాడు. తానే ఎక్కుతున్నానని నమ్మినవాడు గైడుతో వాదనకు దిగుతాడు, అదీ ఆరువేల మీటర్ల ఎత్తున, తన బుర్ర సరిగ్గా పనిచేయని చోట.

బుర్ర సరిగ్గా పనిచేయదు అనడంలో అతిశయోక్తి లేదు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి సగమే. ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువూ అంతే తగ్గుతుంది. శిఖరం దగ్గర ఇంకా తక్కువ. దీనికి ఒళ్లు అలవాటుపడే తీరు కండబలాన్ని బట్టి ఉండదు. పది కిలోమీటర్లు పరుగెత్తే మా మిత్రుడికి ఇదే మింగుడుపడలేదు. నిజానికి ఒంట్లో దమ్మున్నవాళ్లకే ప్రమాదం ఒక పిసరు ఎక్కువ. వడివడిగా నడిచి, ఒక రోజు మిగిలిందని సంబరపడి, శరీరం సిద్ధం కాకముందే పైమజిలీకి చేరుకుంటారు. తలనొప్పి, వాంతులతో మొదలైనదాన్ని లెక్కచేయకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు ప్రాణం నిలిపే అసలు వైద్యం వెంటనే కిందికి దిగడం. డయామాక్స్ మాత్ర శరీరం అలవాటుపడటానికి కాస్త సాయపడుతుందే తప్ప నాలుగు రోజుల పని ఒక్క రోజులో చేసిపెట్టదు.

వైద్యులు చెప్పే కొలత ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండు రాత్రులు ఉండాలి. దీన్ని దారి మీద పరిచి చూద్దాం. లుక్లా నుంచి ఫాక్‌డింగ్, మర్నాడు నామ్చే బజార్, 3,440 మీటర్లు. అక్కడ ఒక రోజు ఆగాలి. తర్వాత తెంగ్‌బోచే, ఆపైన 4,410 మీటర్ల డింగ్‌బోచే. మళ్లీ ఒక రోజు ఆగడం. తర్వాత 4,730 మీటర్ల చుఖుంగ్, అక్కడి నుంచి ఒక పూట పై గుట్ట ఎక్కి దిగి అక్కడే నిద్ర. బేస్ క్యాంప్, సాధన. శిఖరం రోజు. వాతావరణం మొండికేస్తే చేతిలో ఉంచుకోవడానికి ఒక రోజు. తిరుగు నడక మూడు రోజులు. ఇక్కడికే పద్నాలుగు. కాఠ్మాండూలో రాకపోకలకు రెండు రోజులు, లుక్లా విమానం మబ్బుల వల్ల ఆగిపోతే ఒకటి రెండు. రద్దీ సీజనులో లుక్లా విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాకుండా, నాలుగైదు గంటల దూరంలోని రామేఛాప్ నుంచి నడుస్తాయి, దానికోసం నడిరాత్రి ప్రయాణం. ఎలా లెక్కవేసినా పదిహేడు, పద్దెనిమిది రోజులకు తగ్గదు.

పన్నెండు రోజుల ప్యాకేజీ ఎలా కుదురుతుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. తాడు తగ్గించలేరు, గైడును తీసేయలేరు, అనుమతి రుసుము ఎగ్గొట్టలేరు. కొనేవాడి కంటికి ఆనకుండా కోయగలిగింది రోజులనే. నామ్చేలో ఊరికే కూర్చునే రోజు ప్రకటన చదివేవాడికి వృథాగా కనిపిస్తుంది, అమ్మేవాడికి ఖర్చుగా కనిపిస్తుంది. ఆ రోజు విలువ గైడుకు తెలుసు, కానీ ప్యాకేజీ రాసేది గైడు కాదు.

గైడు సంగతికి వస్తే, ఈ రంగంలో నాకు అస్సలు మింగుడుపడని ఆనవాయితీ ఒకటుంది. కస్టమరు శిఖరం చేరితే గైడుకు అదనంగా సమ్మిట్ బోనస్ ముడుతుంది. చేరకపోతే ఉండదు, లేదా తగ్గుతుంది. పైకి న్యాయంగానే కనిపిస్తుంది, పని జరిగితే బహుమానం. కానీ ఆ రాత్రి గైడు చేయవలసిన అతి ముఖ్యమైన పని "ఇక చాలు, దిగుదాం" అని సరైన వేళకు చెప్పడం. ఆ మాట అన్న పాపానికి అతని జేబులోంచే డబ్బు పోయేలా మనమే ఏర్పాటు చేసుకున్నాం. చాలామంది షెర్పాలు ఆ నష్టం భరించి కూడా వెనక్కి తిప్పుతారు, అది వాళ్ల మంచితనం. మన ప్రాణానికి వాళ్ల మంచితనం ఒక్కటే పూచీ కావడం తెలివైన బేరమేనా? ఆ మొత్తాన్ని శిఖరంతో ముడిపెట్టకుండా ముందే ఇచ్చేయవచ్చు. పది, పదిహేను వేల రూపాయలకు అంతకన్నా మంచి బీమా దొరకదు. అసలు బీమాల్లో చాలా పాలసీలు పర్వతారోహణను మినహాయిస్తాయి, ఏ ఎత్తు వరకు వర్తిస్తుందో సన్నక్షరాల్లో వెతుక్కోవాలి.

మంచి గైడు, కావలసినన్ని రోజులు ఉంటే ప్రమాదమే లేదని చెప్పను. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా-2 మీద మంచు చరియలు విరిగిపడ్డాయి. వాటి కింద చిక్కుకున్నది ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం. 27 మంది చనిపోయారు, ఇద్దరి జాడ దొరకలేదు. ఆ శిఖరం ఎత్తు 5,670 మీటర్లు, ఐలాండ్ పీక్ కన్నా 500 మీటర్లు తక్కువ. పోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. అదే ఏడాది మేలో 16 రోజుల తేడాలో ఎవరెస్టు, మకాలు శిఖరాలు రెండూ ఎక్కిన మనిషి. అక్కడ అనుభవానికి లోటు లేదు. అందుకే "సులువైన శిఖరం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మన దేశంలో ఇలాంటి పేరు మోసిన శిఖరం లద్దాఖ్‌లోని స్టోక్ కాంగ్రి, 6,150 మీటర్ల పైమాటే. లేహ్‌కు దగ్గర, సాంకేతిక కష్టం తక్కువ, "తొలి ఆరువేల మీటర్లు" అంటే అందరి వేలూ అటే చూపేది. 2020లో దాన్ని మూసేశారు. కింద ఉన్న స్టోక్ గ్రామస్థులు పట్టుబట్టి మూయించారు. వాళ్ల తాగునీరు, సాగునీరు ఆ హిమానీనదం నుంచే వస్తాయి. మంచు తరిగిపోతోంది, మిగిలిన నీటిలో ఎక్కేవాళ్ల మలమూత్రాలు, చెత్త కలుస్తున్నాయి. ఊరివాళ్ల నిర్ణయంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు. మూశాక జనం వెళ్లడం మానారా అంటే, లేదు, లద్దాఖ్‌లోనే ఉన్న మరో శిఖరం కాంగ్ యాత్సే-2 వైపు మళ్లారు.

తెలుగునాట ఈ చర్చ వస్తే ఎవరో ఒకరు మాలావత్ పూర్ణ పేరు ఎత్తుతారు. పదమూడేళ్ల పిల్ల ఎవరెస్టే ఎక్కింది, మనకు ఆరువేలు ఒక లెక్కా అని. 2014 మే 25న పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు మీద నిలిచింది నిజమే. అంతకుముందు సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికైన ఆ పిల్లలు భువనగిరి బండల మీద పాకారు, డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు, లద్దాఖ్ చలిలో ఒళ్లు రాటుదేల్చుకున్నారు. శిఖరం ఫొటో అందరి దగ్గరా ఉంది, భువనగిరి బండ మీద గీరుకుపోయిన మోకాళ్ల ఫొటో ఎవరూ దాచుకోలేదు.

డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది, టెన్జింగ్ అక్కడ తొలి క్షేత్ర శిక్షణాధికారి. అక్కడా ఉత్తరకాశీలోనూ ప్రాథమిక కోర్సు సుమారు నాలుగు వారాలు. తాడు ముడి వేయడం, జారితే మంచుగొడ్డలితో ఆగడం, మంచు పగుల్లో పడ్డవాడిని లాగడం అన్నీ నేర్పుతారు. ప్రభుత్వ సంస్థలు కావడంతో రుసుము నేపాల్ ప్యాకేజీ ధరలో చిన్న పాలు. దొరకనిదల్లా నాలుగు వారాల సెలవు.

మా మిత్రుడికి ఇవన్నీ చెప్పి, సంస్థకు ఫోను చేసి నాలుగు విషయాలు అడగమన్నాను. గైడు పేరు, అతను ఈ శిఖరానికి ఎన్నిసార్లు వెళ్లాడు, ఒక్క గైడుకు ఎంతమంది, నామ్చేలోనూ డింగ్‌బోచేలోనూ ఎన్ని రాత్రులు. మొదటి రెండింటికి "కాఠ్మాండూ వచ్చాక చెబుతాం సార్" అన్నారట. ఆ ప్యాకేజీ వదిలేసి, మూడు రోజులు వెతికి, పద్దెనిమిది రోజుల కార్యక్రమం ఒకటి పట్టాడు. దాని గైడుతో వీడియో కాల్‌లో మాట్లాడాడు కూడా. బోనస్ ముందే ఇస్తానంటే అటువైపు మనిషి నవ్వి, ముందు బూట్ల సైజు చెప్పమన్నాడట. సెలవు కోసం దరఖాస్తు పెట్టి రెండు వారాలైంది. మేనేజరు ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.