సేనాపతుల జవాబు పత్రాలు

ప్రపంచ చరిత్రలో మహాసేనాపతులు ఎవరెవరు, వారిలో మొదటి ర్యాంకు ఎవరిది అన్న విషయం ఇన్ని శతాబ్దాలుగా తేలకపోవడానికి చరిత్రకారుల నిర్లక్ష్యమే కారణమని, ఆ పనిని విజయనగరం గంటస్తంభం దగ్గర టీ దుకాణం ముందున్న రెండు బల్లలకు అప్పగించి ఉంటే ఈపాటికి ఫలితాలు వెలువడి, పునర్మూల్యాంకనం కూడా పూర్తయి ఉండేదని నా నిశ్చితాభిప్రాయం.

ఈ అభిప్రాయం గాలిలో పుట్టినది కాదు. గత కార్తీక మాసంలో నాలుగు ఆదివారాల పాటు ఆ బల్లల మీద కూర్చుని మేము నలుగురం ఈ బాధ్యతను నెత్తిన వేసుకున్నాం. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు, డ్రిల్లు మాస్టారు ఒకరు, బొబ్బిలిలో పుట్టి ముప్పై ఏళ్లుగా విజయనగరం కోర్టులో వాదిస్తున్న ప్లీడరు గారు ఒకరు, మినిట్సు రాసే కన్వీనరుగా నేను. మాలో ఎవరూ యుద్ధం చూడలేదు. ఈ రంగంలో ర్యాంకులు ఇచ్చేవారిని ఆ అర్హత ఎవరూ అడగరు కనుక అది మాకు అడ్డు రాలేదు. పైగా ఇంటర్మీడియట్ ఫలితాల మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా తపాలా బిళ్లల్లాంటి ఫొటోలు, వాటి కింద ర్యాంకులు చూస్తూ పెరిగినవాళ్లం. పిల్లల జాతకాలే ఒక అంకెలో ఇమిడ్చినవాళ్లకు జూలియస్ సీజరు ఒక లెక్కా?

ఏ పరీక్షకైనా ముందు పాత ప్రశ్నపత్రాలు తిరగేయడం మన సంప్రదాయం కాబట్టి, మాకంటే ముందు ఈ పని చేసినవారున్నారేమోనని వెతికితే సాక్షాత్తూ హన్నిబాలే దొరికాడు. క్రీ.పూ. 216లో కన్నే మైదానంలో రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టి నరికిన ఈ కార్తేజ్ వీరుడు, క్రీ.పూ. 202లో జామా దగ్గర రోమన్ సేనాపతి స్కిపియో చేతిలో ఓడిపోయాడు. తరువాత కొన్నేళ్లకు ఎఫెసస్ నగరంలో ఇద్దరూ ఎదురుపడినప్పుడు మహాసేనాపతి ఎవరని స్కిపియో అడిగాడట. మొదటివాడు అలెగ్జాండరు, రెండోవాడు గ్రీకు రాజు పైరస్, మూడోవాడిని నేను అన్నాడట హన్నిబాల్. మరి నన్ను గెలిచి ఉంటేనో అని స్కిపియో నవ్వితే, అప్పుడు అలెగ్జాండరు కంటే ముందు నా పేరే చెప్పేవాడిని అన్నాడట. రోమన్ చరిత్రకారులు దీనిని చమత్కారంగా చెప్పుకున్నారు గాని, మా కమిటీ దీనిలోని అక్రమాన్ని తీవ్రంగా పరిగణించింది. పరీక్ష రాసినవాడే దిద్దడం, దిద్దినవాడే ర్యాంకు ప్రకటించడం, ఓడిన పేపరు మీద కూడా మూడో ర్యాంకు వేసుకోవడం! రెండో ర్యాంకు పొందిన పైరస్ సంగతి ఇంకా చోద్యం. రోమన్ల మీద గెలిచి, తన మనుషులను లెక్కపెట్టుకుని, ఇలాంటి గెలుపు ఇంకొకటి వస్తే మన పని అయిపోయినట్టేనని వాపోయాడంటారు. అటువంటివాడికి రెండో ర్యాంకు ఇచ్చిన మూల్యాంకన కేంద్రం మీద మన దగ్గరైతే ధర్నా జరిగి ఉండేది.

అక్కడి నుంచి మేము ఏ పేపరు తెరిచినా అదే చేతిరాత కనిపించింది. గాల్ దేశం మీద చేసిన యుద్ధాల కథను సీజరు తానే రాసుకున్నాడు, అదీ ‘నేను’ అనకుండా ‘సీజరు ఇలా చేశాడు, సీజరు అలా ఆజ్ఞాపించాడు’ అంటూ, పక్కింటివాడెవరో మెచ్చుకుంటున్నట్టుగా. మన కళింగాధిపతి ఖారవేలుడు భువనేశ్వర్ దగ్గరి ఉదయగిరి గుహలో 17 పంక్తుల శాసనం చెక్కించి, పట్టాభిషేకం నాటి నుంచి ఏ ఏడు ఏమి సాధించాడో ప్రోగ్రెస్ రిపోర్టులా వేయించాడు. రెండో ఏట శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపాడట, పన్నెండో ఏట మగధ రాజు చేత కాళ్లకు మొక్కించుకున్నాడట. సీజరు కంటే ఇతనికి నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తానని మినిట్సులో రాసుకున్నాను. కారణం మొదటి ఏటి పని: తుఫానుకు దెబ్బతిన్న రాజధాని ద్వారాలను, ప్రాకారాలను బాగుచేయించాడు. హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లం. ఈ తీరంలో గద్దెనెక్కినవాడికి మొదటి శత్రువు ఏ దిక్కు నుంచి వస్తుందో మాకు తెలుసు. అయినా అతడు తుఫాను నష్టపరిహారం ఎందరికి అందిందో చెక్కించలేదు కాబట్టి ఆ రెండు మార్కులకు మించి ఇవ్వలేకపోయాను.

నెపోలియన్ దగ్గరికి వచ్చేసరికి లెక్కల మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచారు. ఆయన ప్రతిపాదన సులువైనది. సేనాపతి ఎందరితో వెళ్లాడు, ఎందరితో తిరిగి వచ్చాడు, రెండోదాన్ని మొదటిదానితో భాగించి నూటితో హెచ్చించాలి. 1812 జూన్‌లో నీమన్ నది దాటి రష్యాలోకి వెళ్లినవారు, వెనుక నుంచి వచ్చి కలిసినవారితో సహా, దాదాపు ఆరు లక్షలు. డిసెంబరుకు బయటపడినవారు లక్షకు అటూ ఇటూ. మాస్టారి లెక్క ప్రకారం అది పదిహేడు శాతం, అంటే పాసు మార్కులకు సగం. ఆస్టర్‌లిట్జ్ పేపరులో నూటికి నూరు వచ్చింది కదా, సగటు చూడండి అని ప్లీడరు గారు వాదించారు. ఒక పేపరు పోతే మొత్తం పోయినట్టేనని, సప్లిమెంటరీగా రాసిన వాటర్లూ కూడా 1815 జూన్ 18న పోయిందని మాస్టారు కొట్టిపారేశారు. నాకు మాత్రం ఈ అంకెలన్నిటికంటే రష్యా నుంచి వెనుదిరుగుతూ చక్రవర్తి విడుదల చేసిన 29వ ప్రకటన విలువైనదిగా తోచింది. సైన్యం మంచులో కరిగిపోయిన వైనమంతా చెప్పి, చివరి వాక్యంలో చక్రవర్తి వారి ఆరోగ్యం మునుపెన్నడూ లేనంత బాగున్నదని దేశానికి తెలియజేశారు. ఇంటికి ఒక మనిషి తగ్గిన ఊళ్లన్నీ ఈ వార్తతో ఎంత ఊరట చెందాయో ఊహించుకోవలసిందే. ఆ వెంటనే ఆయన మిగిలినవాళ్లను దారిలోనే వదిలి స్లెడ్జి బండిలో పారిస్ చేరుకున్నారు. మక్రాన్ ఎడారిలో అలెగ్జాండరు తన సైన్యంతో పాటు తానూ దాహానికి మాడాడని అంటారు కాబట్టి, క్రమశిక్షణ కింద అతనికి మూడు మార్కులు కలిపాం.

స్వయంగా దిద్దుకున్నవారిలో నిజాయితీపరుడు ఒక్కడే దొరికాడు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని పట్టుకుపోయామని, అందుకు తనకు బాధగా ఉందని అశోకుడు పదమూడో శిలాశాసనంలో తానే ఒప్పుకున్నాడు. గెలిచిన పేపరులో తన తప్పుల కింద తానే ఎర్రసిరాతో గీతలు గీసుకున్నవాడు చరిత్రలో ఇంకొకడు లేడని నేను లేచి నిలబడి ప్రకటించాను. అయితే కళింగులం మేము కదా, మాకు చెప్పాలి కదా ఆ మాట. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలో జౌగడ దగ్గర ఆయన శాసనాలున్నాయి, ఇంకొంచెం పైన ధౌళిలో ఉన్నాయి. ఆ రెండు చోట్లా పదమూడో శాసనం మాత్రం వేయించలేదు. దాని బదులు ప్రజలందరూ నా బిడ్డలేనని, అధికారులు న్యాయంగా నడుచుకోవాలని వేరే శాసనాలు వేయించాడు. ఎక్కడో షాబాజ్‌గఢీలో ఉన్నవాళ్లకు పశ్చాత్తాపం, చచ్చినవాళ్ల ఊళ్లో పితృవాత్సల్యం. దీనిని రాజనీతి అంటారని ప్లీడరు గారు సెలవిచ్చారు. నేను కూర్చున్నాను.

ఇక పేపర్లను బయటివాడి చేత దిద్దించాలని, ఓడినవాడి కంటే మంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు దొరకడని తీర్మానించాం. తీర్మానం వరకు బాగానే ఉంది. ఓడినవాడు, గెలిచినవాడు ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారన్న సంగతి మూడో ఆదివారం దాకా మాకు తట్టలేదు.

1757 జనవరి 24న బొబ్బిలి రాజు రంగారావు మట్టికోటను ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు సేనలు ముట్టడించాయి. కోట నిలవదని తేలాక లోపలివారు తమ ఆడవాళ్లను, పిల్లలను తామే తుదముట్టించి, నిప్పు పెట్టి, కత్తులు పట్టుకుని చనిపోయారు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు, తానూ అక్కడే పడిపోయాడు. అంటే, పరీక్ష ముగిసిన నాలుగో రోజుకు మన అభ్యర్థుల్లో ఎవరూ మిగలలేదు; తన పేపరు తానే దిద్దుకునే వ్యవధి ఎవరికీ చిక్కని యుద్ధం ఇదొక్కటే. ఆ పని తరువాత బుర్రకథ చెప్పేవాళ్లు చేశారు. వాళ్లు పాపారాయుడికి వేసిన మార్కులు చూసి ప్లీడరు గారు మురిసిపోతుంటే, కోట పడిపోయేటప్పుడు రాజాంలో కూర్చున్నవాడికి హాజరు పడదని లెక్కల మాస్టారు అన్నారు. కబురు అందకపోతే ఆయన తప్పా అని ప్లీడరు గారు గ్లాసు బల్ల మీద కొట్టారు. ఫ్రెంచివాడి ఫిరంగి అరువు తెచ్చుకుని రాసిన పేపరు కాపీ కింద లెక్క అని కూడా అన్నారు. అరువు తెచ్చుకున్నది నిజమే, ఆ మరుసటి ఏడు విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లను అరువు తెచ్చుకుని చందుర్తి దగ్గర ఆ ఫ్రెంచివాళ్లనే ఓడించాడు, దానికేమంటారని మాస్టారు ఎదురు తిరిగారు. గెలిచాక సొమ్ము చెల్లించే దగ్గర పేచీ వచ్చి ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు సైన్యం వారాల తరబడి కదలలేదని నేను గుర్తుచేస్తే ఇద్దరూ నా మీద పడ్డారు. ఇంత గొడవలోనూ 1794 జూలై 10 నాటి పద్మనాభం ఊసు ఎవరూ ఎత్తలేదు. పేష్కషు, అంటే కప్పం, బకాయి పేరుతో వచ్చిన కంపెనీ సైన్యం ముందు చిన విజయరామరాజు నేలకొరిగిన ఆ ఉదయం గురించి మాట వస్తే మాస్టారి గొంతు మారుతుందని ప్లీడరు గారికి కూడా తెలుసు.

చివరికి నేనే లెక్కల మాస్టారి సూత్రాన్ని బొబ్బిలికి అన్వయించి చూశాను. రంగారావు తిరిగి రాలేదు. విజయరామరాజు తిరిగి రాలేదు. పాపారాయుడూ అంతే. సైన్యంతో వచ్చి, పని ముగించుకుని, నడిచి వెళ్లినవాడు బుస్సీ ఒక్కడే. కనుక మొదటి ర్యాంకు బుస్సీదని ప్రకటించాను. ఆ క్షణంలో ప్లీడరు గారు, లెక్కల మాస్టారు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని లేచారు. రెండు వందల అరవై ఏళ్ల పైచిలుకు తరువాత బొబ్బిలి, విజయనగరం ఒక్క మాట మీదకు రావడం నా కళ్లతో చూశాను. బుస్సీ 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఇంగ్లీషువాళ్లకు ఖైదీగా చిక్కాడని ఒకరు, బొబ్బిలి నాటికి మూడేళ్లకు రెండు రోజులే తక్కువని ఇంకొకరు జోడించి, అతనిని జాబితా నుంచే కొట్టివేయించారు. మొదటి స్థానం ఖాళీగా మిగిలింది.

నాలుగు వారాలుగా టీ తాగడం తప్ప నోరు విప్పని డ్రిల్లు మాస్టారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. “అయితే ఏటండి, ఎంతమందిని తీసుకెళ్లి ఎంతమందిని తెచ్చాడన్నదే కదా మీ లెక్క. నా పేరు రాసుకోండి.” ఆయన ఉద్యోగంలో ఉండగా ఒక ఏడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి హాస్టలు పిల్లలు నలభై మందిని వెంటబెట్టుకుని వెళ్లారట. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వరకు ఇసుక వేస్తే రాలని జనం. సిరిమాను మూడుసార్లు అటూ ఇటూ తిరిగేవరకు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరస తప్పకుండా నిలబడాలని ఆజ్ఞ. రాత్రి హాస్టలు గేటు దగ్గర తలలు లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి.

లెక్కల మాస్టారు వెంటనే భాగించి, నూట రెండున్నర శాతమని, ఇంత ఫలితం జూలియస్ సీజరుకు కూడా లేదని నిర్ధారించారు. తన పేపరు తానే దిద్దుకున్నారన్న నా అభ్యంతరం మినిట్సులో నమోదైంది గాని ఎవరూ బలపరచలేదు. నెల్లిమర్ల నుంచి అమ్మతో పండగకు వచ్చి వరసలో కలిసిపోయిన ఆ నలభై ఒకటో పిల్లవాడు మర్నాడు పొద్దున్న ఇల్లు చేరాడట. వాడిని యుద్ధఖైదీ కింద రాయాలా, కొత్తగా చేరిన సైనికుడి కింద రాయాలా అన్నది ప్లీడరు గారు లేవనెత్తారు. దాని మీద వచ్చే ఆదివారం కమిటీ మళ్లీ కూర్చుంటుంది.